పాసైన టెస్టునే అనుమానించాలి: ఫైల్‌సిస్టమ్ టెస్టు స్క్రిప్టుల రివ్యూలో నా అనుభవం

కొత్త టెస్టు స్క్రిప్టు రివ్యూకి వచ్చినప్పుడల్లా దాంతోపాటు ఒక వాక్యం వస్తుంది: "ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మూడింటి మీదా పాసైంది." ఇవి లినక్స్‌లో ఫైళ్ళను డిస్కు మీద అమర్చే ఫైల్‌సిస్టమ్‌లు. ఆ వాక్యం వల్ల నాకు తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. ఏ పనీ చేయని ఖాళీ స్క్రిప్టు కూడా మూడింటి మీదా పాసవుతుంది. ఏ కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) మీద ఫెయిలైంది, ఏ లైను దగ్గర ఫెయిలైంది అన్నది నాకు కావాలి. బగ్గు ఉన్న కెర్నల్ మీద కూడా నోరు విప్పని టెస్టు తలుపుకి తాళం బొమ్మ గీసినట్టే.

నేను చూసేది ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ స్క్రిప్టులు. పాత పేరు ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్. ఎస్‌జీఐ కంపెనీలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోసం మొదలైన ఈ బాష్ స్క్రిప్టుల మూటతోనే ఇప్పుడు లినక్స్‌లో ఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎఫ్2ఎఫ్‌ఎస్, ఓవర్‌లేఎఫ్‌ఎస్, ఎన్‌ఎఫ్‌ఎస్ అన్నిటికీ పరీక్ష పెడుతున్నారు. అందరికీ వర్తించే టెస్టులు జెనరిక్ డైరెక్టరీలో, ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కి ప్రత్యేకమైనవి దాని పేరున్న డైరెక్టరీలో ఉంటాయి. ఈ వ్యాసంలో ఫంక్షన్ల పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ముందు అండర్‌స్కోర్ ఉన్నవి ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ సొంత ఫంక్షన్లు.

తీర్పు ఎలా వస్తుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ప్రతి టెస్టుకీ రెండు ఫైళ్ళు: స్క్రిప్టు ఒకటి, అది ప్రింట్ చేయాల్సిన గోల్డెన్ అవుట్‌పుట్ ఒకటి. దీనికి .అవుట్ అన్న తోక ఉంటుంది. చెక్ అనే డ్రైవర్ స్క్రిప్టు టెస్టును నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ని గోల్డెన్ ఫైలుతో పోలుస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫెయిల్. తేడా ఉన్న అవుట్‌పుట్ రిజల్ట్స్ డైరెక్టరీలో .అవుట్.బ్యాడ్ పేరుతో మిగులుతుంది. అక్కడితో అయిపోదు. టెస్టు వాడిన డివైసు మీద ఎఫ్‌ఎస్‌సీకే తరహా తనిఖీ (ఫైల్‌సిస్టమ్ చెదిరిందేమో చూసేది) నడుస్తుంది, ఆ తర్వాత కెర్నల్ లాగ్‌లో వార్నింగులు, ఊప్స్‌లు (కెర్నల్ తడబడినప్పటి మెసేజీలు), లాక్‌డెప్ (లాకుల వాడకంలో తప్పులు పట్టేది) ఫిర్యాదులు ఉన్నాయేమో వెతుకుతుంది. ఈ మూడూ కాక నాలుగో ఫలితం ఒకటుంది, నాట్ రన్. దీని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మోసం జరిగేది అక్కడే.

నేను ముందు స్క్రిప్టు తెరవను, బగ్గును సరిచేసిన కెర్నల్ కమిట్ (కోడ్ మార్పు) చదువుతాను. బగ్గు తగలాలంటే ఏయే పనులు ఏ వరుసలో జరగాలో ఒక కాగితం మీద నాలుగైదు లైన్లలో రాసుకుంటాను. ఆ తర్వాత స్క్రిప్టు తెరిచి, నేను రాసుకున్న వరుస అందులో ఉందా లేదా చూస్తాను. ముందే స్క్రిప్టు చదివితే రాసినవాళ్ళ ఆలోచనే మన తలలోకి ఎక్కేస్తుంది, లోపం కంటికి ఆనదు.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాగ్ ట్రీలో (ఎఫ్‌సింక్ చేసిన మార్పులను రాసుకునే చోటు) ఎక్కువగా కనిపించే తరహా బగ్గు ఇది: ఫైలులో హోల్ పంచ్ చేసి (మధ్యలో కొంత డేటాను తీసేసి), ఎఫ్‌సింక్ చేసి (ఆ ఫైలును డిస్కుకి చేర్చమని చెప్పి), వెంటనే కరెంటు పోతే, మళ్ళీ మౌంట్ చేశాక హోల్ మాయమై పాత డేటా తిరిగొస్తుంది. టెస్టు నడవాల్సిన తీరు: 256 కేబీ ఫైలును 0ఎక్స్61 అనే బైటుతో నింపాలి, సింక్ చేయాలి (అన్నిటినీ డిస్కుకి చేర్చాలి), 64 కేబీ ఆఫ్‌సెట్ దగ్గర 64 కేబీ హోల్ పంచ్ చేయాలి, ఎఫ్‌సింక్ చేయాలి, కరెంటు పోయినట్టు నటించాలి, మళ్ళీ మౌంట్ చేసి ఫైల్లో ఏముందో చూపించాలి.

స్క్రిప్టు పైభాగంలో, టెస్టు నడవడానికి ఏమేం ఉండాలో చెప్పే రిక్వైర్ లైన్లు ఉంటాయి. ఈ టెస్టుకి కావాల్సినవి నాలుగు: _రిక్వైర్_స్క్రాచ్, _రిక్వైర్_డీఎమ్_టార్గెట్ ఫ్లేకీ, _రిక్వైర్_ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓ_కమాండ్ ఎఫ్‌పంచ్, _రిక్వైర్_మెటాడేటా_జర్నలింగ్. చివరిది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేని ఎక్స్‌టీ4 మీద కరెంటు పోతే మెటాడేటా (ఫైళ్ళ గురించిన వివరాలు) చెదిరిపోవడం సహజం, అది బగ్గు కాదు. ఆ లైను లేకపోతే టెస్టు పూర్తయ్యాక ఎఫ్‌ఎస్‌సీకే కోపగించుకుంటుంది, సంబంధం లేని ఇంకెవరో రెండు రోజులు దాని వెంట పడతారు.

కరెంటు పోయినట్టు నటించేది డీఎమ్-ఫ్లేకీ. స్క్రాచ్ డివైసు (టెస్టులు ఫార్మాట్ చేసుకుంటూ వాడే డిస్కు) మీద ఒక పొరలా కూర్చుని, చెప్పినప్పుడు రైట్లన్నిటినీ (డిస్కుకి రాయబోయేవి) మింగేస్తుంది. పైకి మాత్రం "రాసేశాను" అని సక్సెస్ చెప్తుంది. _ఫ్లేకీ_డ్రాప్_అండ్_రీమౌంట్ చేసే పని ఇదే: రైట్లు మింగే టేబుల్ ఎక్కిస్తుంది, అన్‌మౌంట్ చేస్తుంది, మామూలు టేబుల్ ఎక్కించి మళ్ళీ మౌంట్ చేస్తుంది. అన్‌మౌంట్ సమయంలో ఫైల్‌సిస్టమ్ డిస్కుకి పంపినదంతా గాల్లో కలుస్తుంది.

ఇప్పుడు వరుస. సింక్ ఎక్కడుంది అన్నదే ఈ టెస్టుకి ప్రాణం. మొదటి రైటుకీ పంచ్‌కీ మధ్య సింక్ లేకపోతే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిసిపోతాయి. డిస్కు మీద పాత ఎక్స్‌టెంట్ (ఫైలు డేటా ఉండే బ్లాకుల వరుస) ఉండనే ఉండదు కాబట్టి తిరిగి రావడానికి పాత డేటా కూడా ఉండదు. బగ్గు ఉన్న కెర్నల్ మీద కూడా టెస్టు హాయిగా పాసవుతుంది. ఇంకో రకం తప్పు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. డీబగ్ చేసేటప్పుడు పెట్టుకున్న ఇంకో సింక్, ఎఫ్‌సింక్‌కీ కరెంటు పోవడానికీ మధ్య మిగిలిపోతుంది. సింక్ చేస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ట్రాన్సాక్షన్ మొత్తం కమిట్ అవుతుంది, మౌంట్ చేసినప్పుడు లాగ్ రీప్లే (లాగ్‌లో రాసుకున్న మార్పులను మళ్ళీ అమలు చేయడం) జరగాల్సిన అవసరమే రాదు. మనం పరీక్షించాల్సిందే లాగ్ రీప్లే. ఒక్క పదం ఎక్కువైనా, ఒక్క పదం తక్కువైనా టెస్టు ఉత్తదైపోతుంది, రెండు సందర్భాల్లోనూ పాస్ అనే చూపిస్తుంది.

64 కేబీ అన్న అంకె కూడా ఊరికే పెట్టింది కాదు. 4 కేబీ దగ్గర 4 కేబీ పంచ్ చేస్తే నా ల్యాప్‌టాప్ మీద సరిపోతుంది. ఫైల్‌సిస్టమ్ బ్లాక్ సైజు 64 కేబీ అయినప్పుడు మాత్రం అదే పంచ్ ఒక బ్లాక్ లోపలే ఉండిపోతుంది. అప్పుడు ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌టెంట్‌ను వదిలేయదు, ఆ కాస్త భాగాన్ని సున్నాలతో నింపి ఊరుకుంటుంది. బగ్గు ఉన్న దారిలోకి అడుగే పెట్టదు. 64 కేబీ పేజీలుండే ఆర్మ్, పవర్ యంత్రాల మీద ఈ తేడా నిజంగానే బయటపడుతుంది. ఆఫ్‌సెట్లు, సైజులు 64 కేబీ గుణిజాల్లో ఉన్నాయా అని ప్రతి స్క్రిప్టులోనూ చూస్తాను. లేకపోతే _గెట్_ఫైల్_బ్లాక్_సైజ్ అడిగి లెక్కగట్టమంటాను.

గోల్డెన్ అవుట్‌పుట్‌లో చాలామంది ఎండీ5 చెక్‌సమ్ (ఫైల్లోని డేటాకి వేలిముద్ర లాంటిది) పెడతారు. తప్పు కాదు గానీ, ఫెయిలైనప్పుడు ఆ 32 అక్షరాలు చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. అదే బైట్లను చూపించే ఓడీ కమాండ్‌తో, ఆఫ్‌సెట్లు దశాంశంలో వచ్చేలా చూపిస్తే గోల్డెన్ ఫైలు ఇలా ఉంటుంది (ప్రతి లైనులో 16 బైట్లు ఉంటాయి, ఇక్కడ నాలుగే చూపిస్తున్నాను):

0000000 61 61 61 61
*
0065536 00 00 00 00
*
0131072 61 61 61 61
*
0262144

నక్షత్రం అంటే "పైదే మళ్ళీ మళ్ళీ". బగ్గు తగిలితే .అవుట్.బ్యాడ్‌లో 65536, 131072 లైన్లు రెండూ మాయమై, 61ల వరుస తర్వాత నేరుగా 262144 వస్తుంది. హోల్ పోయిందని చూడగానే తెలిసిపోతుంది. ఫైలు మొత్తం సున్నాలైతే అది వేరే బగ్గు, ఆఖరి అంకె 131072 అయితే ఫైలు కురచైందన్నమాట. రెండేళ్ళ తర్వాత ఈ ఫెయిల్యూర్ చూసే మనిషికి ఈ ఏడు లైన్లు చాలు.

దీనికి సంబంధించి ఒక విషయం మీద నేను అస్సలు రాజీపడను. కరెంటు పోయాక "ఎఫ్‌సింక్ చేయని ఫైలు ఉండకూడదు" అని గోల్డెన్ అవుట్‌పుట్‌లో రాసే స్క్రిప్టులు వస్తుంటాయి. ఎఫ్‌సింక్ చేసింది ఉండాలి అన్నది హామీ. చేయనిది ఉండకూడదు అన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఎక్స్‌టీ4 జర్నల్ మామూలుగా 5 సెకన్లకోసారి కమిట్ అవుతుంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 30 సెకన్లకోసారి. నెమ్మదిగా నడిచే వర్చువల్ మెషీన్ మీద ఆ 5 సెకన్లు స్క్రిప్టు మధ్యలో గడిచిపోతే ఆ ఫైలు డిస్కు మీదకి చేరుతుంది, టెస్టు ఫెయిలవుతుంది, ఫైల్‌సిస్టమ్ మాత్రం తప్పేమీ చేయలేదు. ఇలాంటి టెస్టు నెలకోసారి ఫెయిలవుతూ, చివరికి "అది ఎప్పుడూ అంతే" అనిపించుకుంటుంది. ఆ తర్వాత నిజమైన బగ్గు తగిలినా ఎవరూ చూడరు. నాన్నా పులి కథే.

ఇక నడిపి చూడడం. ఇల్లు అలకగానే పండగ కాదు, చదవగానే రివ్యూ అయిపోదు. నేను రెండు కెర్నల్‌లు బిల్డ్ చేసుకుంటాను: తాజాది ఒకటి, అదే తాజాదాంట్లో ఈ ఒక్క ఫిక్స్ కమిట్‌ను రివర్ట్ చేసింది (తీసేసింది) ఇంకొకటి. పాత కెర్నల్ మీద ఫెయిలైందని చూపిస్తే ఒప్పుకోను. పాతదాంట్లో ఇంకో వంద తేడాలుంటాయి, ఏ కారణంతో ఫెయిలైందో ఎవరు చెప్తారు? రివర్ట్ చేసినదాని మీద పదిసార్లు నడుపుతాను. పదీ ఫెయిలైతే మంచిది. రెండు ప్రాసెస్‌లు పోటీపడితేనే తగిలే బగ్గయితే పదిలో మూడుసార్లు తగలొచ్చు. అప్పుడు ఆ సంగతి స్క్రిప్టు పైన కామెంటులో రాయమంటాను, వీలైతే లోపల లూప్ పెంచమంటాను. ఫెయిలైనప్పుడు .అవుట్.బ్యాడ్ తెరిచి చూడడం తప్పనిసరి. "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్" అని వచ్చి ఫెయిలైనా ఫెయిలే అంటుంది చెక్.

ఫిక్స్‌ను రివర్ట్ చేయడం కుదరనప్పుడు, అంటే దాని మీద ఇంకో ఐదు కమిట్లు కూర్చున్నప్పుడు, కెర్నల్ జోలికి పోకుండా చేసే చిట్కా ఒకటుంది: స్క్రిప్టునే పాడుచేయడం. పంచ్ లైను తీసేసి నడుపుతాను. మంచి కెర్నల్ మీద కూడా ఇప్పుడు ఫెయిలవ్వాలి. ఎఫ్‌సింక్ లైను తీసేసి నడుపుతాను. హోల్ డిస్కుకి చేరకముందే కరెంటు పోతుంది కాబట్టి ఇక్కడా దాదాపు ప్రతిసారీ ఫెయిలవ్వాలి. ఏ లైను తీసినా పాసవుతూనే ఉంటే ఆ లైనుతో టెస్టుకి పనిలేదు, లేదా టెస్టు అసలు ఏదీ చూడడం లేదు. ఐదు నిమిషాల పని, కెర్నల్ బిల్డ్ అక్కర్లేదు, పది రివ్యూ కామెంట్ల కంటే ఎక్కువ చెప్తుంది.

ఏమీ చూడని టెస్టు ఎలా పుడుతుంది? చాలా వరకు నోరు నొక్కేయడం వల్ల. ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో ఎర్రర్ మెసేజి బయటికి రావడమే ఫెయిలవ్వడం. కమాండ్ ఏడిస్తే ఆ ఏడుపు గోల్డెన్ అవుట్‌పుట్‌లో లేదు కాబట్టి పట్టుబడుతుంది. అందుకే ప్రతి లైను వెనకా "లేకపోతే _ఫెయిల్" అని తగిలించనక్కర్లేదు. కానీ అలవాటుకొద్దీ అవుట్‌పుట్ మొత్తం /డెవ్/నల్‌లోకి (ఏది పంపినా మాయం చేసే చోటు) తోసేస్తే ఎర్రర్ కూడా అందులోనే పోతుంది. చెత్త అవుట్‌పుట్ దాచాలంటే $సీక్‌రెస్.ఫుల్ ఫైలు ఉంది, అక్కడికి పంపితే తర్వాత చదువుకోవచ్చు. ఎమ్‌కేఎఫ్‌ఎస్ (డిస్కును ఫార్మాట్ చేసే కమాండ్) గోల అక్కడికి పంపడం మామూలే. పరీక్షించే కమాండ్‌ది మాత్రం పంపకూడదు.

ఇలాంటి టెస్టు ఒకటి దగ్గర్నుంచి చూద్దాం. ముందు ఫైలు రాస్తుంది, ఎండీ5 తీస్తుంది, రీమౌంట్ చేస్తుంది, మళ్ళీ ఎండీ5 తీస్తుంది, రెండూ ఒకటైతే సరే అంటుంది. రైట్ కమాండ్ డైరెక్ట్ ఐఓతో (మెమొరీలో దాచకుండా నేరుగా డిస్కుకి) 512 బైట్లు రాయబోతుంది, డిస్కు సెక్టారు 4096 బైట్లు. రైటు ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ అని ఫెయిలైంది, ఆ మెసేజి డెవ్/నల్‌లో పడింది. ఫైలు ఖాళీ. రీమౌంట్ ముందూ ఖాళీయే, తర్వాతా ఖాళీయే. రెండు ఎండీ5లూ ఒకటే. పాస్! ఖాళీ ఫైలు ఎండీ5 "డీ41డీ8సీడీ98" అని మొదలవుతుంది. గోల్డెన్ ఫైల్లో, ఫుల్ లాగ్‌లో ఎక్కడ అది కనిపించినా నా వేలు అక్కడే ఆగుతుంది. ఈ తొమ్మిది అక్షరాలు కంఠస్థం చేసుకోవడం రివ్యూ చేసేవాళ్ళెవరికైనా పనికొస్తుంది.

పైపులు ఇంకో రకం. ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓ (ఫైలు మీద రైట్, పంచ్ లాంటి పనులు చేసే కమాండ్) అవుట్‌పుట్‌ను _ఫిల్టర్_ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓలోకి పంపి, ఆ తర్వాత ఎగ్జిట్ కోడ్ చూస్తే వచ్చేది ఫిల్టర్ కోడ్, అసలు కమాండ్‌ది కాదు. పైగా పాత ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓలో చాలా కమాండ్లు ఫెయిలైనా 0 తోనే బయటికొచ్చేవి. కోడ్‌ను నమ్మకుండా మెసేజినే గోల్డెన్ అవుట్‌పుట్‌కి వదిలేయమంటాను. "లోకల్ అ=$(కమాండ్)" అని రాసినా అంతే, లోకల్ తన సక్సెస్‌తో కమాండ్ ఎగ్జిట్ కోడ్‌ను కప్పేస్తుంది. రెండు ఖాళీ వేరియబుల్స్‌ను కోట్స్‌లో పెట్టి సమానమా అని అడిగితే సమానమే అంటుంది బాష్. దానికేం తెలుసు పాపం.

రీమౌంట్ లేకుండా ఫైలు తిరిగి చదివే టెస్టులు కూడా ఈ కోవలోవే. రాసిన వెంటనే చదివితే వచ్చేది పేజీ క్యాష్ (మెమొరీలోని కాపీ) నుంచి, డిస్కు మీద ఏముందో తెలియదు. _స్క్రాచ్_సైకిల్_మౌంట్ ఒక లైను, దాంతో పని అయిపోతుంది.

ఇప్పుడు నాట్ రన్. రిక్వైర్ లైను ఏదైనా కుదరకపోతే టెస్టు కారణం చెప్పి తప్పుకుంటుంది. అది ఫెయిల్ కాదు, ఎర్రగా కనిపించదు, చివర్లో "నాట్ రన్" జాబితాలో ఒక నంబరై కూర్చుంటుంది. ఆ జాబితా చదివేవాళ్ళు తక్కువ. ఇక్కడ నేను ఎప్పుడూ చూసే లైను _రిక్వైర్_స్క్రాచ్_సైజ్. దీనికి సైజు కిలోబైట్లలో ఇవ్వాలి. పక్కనే ఉండే _స్క్రాచ్_ఎమ్‌కేఎఫ్‌ఎస్_సైజ్డ్‌కి మాత్రం బైట్లలో ఇవ్వాలి. 512 ఎంబీ కావాలనుకుని రెండింటికీ 512*1024*1024 అని ఇస్తే రెండోది సరిగ్గా 512 ఎంబీ ఫైల్‌సిస్టమ్ చేస్తుంది, మొదటిది 512 జీబీ డిస్కు అడుగుతుంది. మన టెస్టు డిస్కులు 10, 20 జీబీ ఉంటాయి. ఇక ఆ టెస్టు ఎవరి దగ్గరా నడవదు, ఎవరి దగ్గరా ఫెయిలవదు.

ఈ సైజుల దగ్గరే ఒక చిన్న మాట. ఎక్స్‌ఎఫ్‌ఎస్ టూళ్ళ ప్యాకేజీ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 5.19 నుంచి ఎమ్‌కేఎఫ్‌ఎస్.ఎక్స్‌ఎఫ్‌ఎస్ 300 ఎంబీ కంటే చిన్న ఫైల్‌సిస్టమ్ చేయనంటుంది. కానీ టెస్ట్_డెవ్, టెస్ట్_డిర్, క్యూఏ_చెక్_ఎఫ్‌ఎస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటే ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ నడుస్తోందని గ్రహించి ఊరుకుంటుంది. స్క్రిప్టులోని లైన్లు కాపీ చేసి చేత్తో నడిపితే ఎమ్‌కేఎఫ్‌ఎస్ తిరగబడడానికి కారణం ఇదే. స్క్రిప్టులో తప్పని పొరబడకూడదు.

జెనరిక్ డైరెక్టరీలోకి వెళ్ళే టెస్టయితే "ఇది అందరికీ నిజమేనా" అన్న ప్రశ్న ప్రతి గోల్డెన్ లైను దగ్గరా వేసుకోవాలి. స్క్రాచ్ మౌంట్ పాయింట్‌లో ఎల్‌ఎస్ కొడితే ఎక్స్‌టీ4 మీద లాస్ట్+ఫౌండ్ కనిపిస్తుంది, మిగతావాటి మీద కనిపించదు. కాబట్టి లోపల ఒక డైరెక్టరీ చేసుకుని అందులో పనిచేయాలి. డైరెక్టరీ లింక్ కౌంట్ ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో 2 నుంచి మొదలై సబ్‌డైరెక్టరీలతో పెరుగుతుంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఎప్పుడూ 1. డీయూ (ఫైలు డిస్కు మీద ఎంత చోటు తీసుకుందో చెప్పే కమాండ్) అంకెలు అసలు పెట్టకూడదు: ఎక్స్‌ఎఫ్‌ఎస్ ముందుచూపుతో ఫైలు చివర దాటి బ్లాకులు పట్టి ఉంచుకుంటుంది, అంకె ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంది. ఫైండ్ అవుట్‌పుట్‌ను సార్ట్ చేయకుండా వదిలితే ఒక్కో ఫైల్‌సిస్టమ్ ఒక్కో వరుసలో ఇస్తుంది. ఫైమ్యాప్‌లో (ఫైలు ఎక్స్‌టెంట్లను చూపించేది) ఎక్స్‌టెంట్ల లెక్క మరీ ప్రమాదం. మన 256 కేబీ ఫైలు మామూలుగా ఒకే ఎక్స్‌టెంట్‌గా ఉండొచ్చు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను కంప్రెషన్‌తో మౌంట్ చేస్తే ఒక్కో ఎక్స్‌టెంట్ 128 కేబీకి మించదు కాబట్టి కనీసం రెండవుతాయి. డేటా సరిగ్గా ఉందా అన్నది ప్రశ్న అయినప్పుడు ఎక్స్‌టెంట్లు ఎన్నో అడగడం దేనికి?

అందుకే నా సెట్టింగుల ఫైలు లోకల్.కాన్ఫిగ్‌లో సెక్షన్లు విడివిడిగా ఉంటాయి: ఎక్స్‌ఎఫ్‌ఎస్ 4కే, ఎక్స్‌ఎఫ్‌ఎస్ 1కే, ఎక్స్‌టీ4 4కే, ఎక్స్‌టీ4 1కే, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మామూలుది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కంప్రెషన్‌తో. చెక్‌కి -ఎస్ ఇచ్చి ఒక్కొక్కటీ నడుపుతాను. 1కే బ్లాక్ సైజు సెక్షన్ పట్టించినన్ని తప్పులు మిగతా అన్నీ కలిపి పట్టించవు. 4096 అన్న అంకెను స్క్రిప్టులో నేరుగా రాసినవాళ్ళందరూ అక్కడే దొరికిపోతారు.

క్లీనప్ గురించి ఎవరికీ ఆసక్తి ఉండదు, నష్టం మాత్రం ఎక్కువ. _క్లీనప్‌ను సొంతంగా రాసుకున్నప్పుడు ముందు బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లను చంపాలి, తర్వాత వెయిట్ చేయాలి, ఆ తర్వాతే అన్‌మౌంట్. వెయిట్ వదిలేస్తే చావబోతున్న ఎఫ్‌ఎస్‌స్ట్రెస్ (ఫైల్‌సిస్టమ్ మీద భారం మోపే ప్రోగ్రాం) ఇంకా ఫైలు పట్టుకునే ఉంటుంది, అన్‌మౌంట్ "టార్గెట్ ఈజ్ బిజీ" అంటుంది, తర్వాతి టెస్టు ఎమ్‌కేఎఫ్‌ఎస్ దగ్గర చచ్చిపోతుంది. చేసింది ఒకరు, పడేది ఇంకొకరు. కిల్‌ఆల్ (ఆ పేరున్న ప్రాసెస్‌లన్నిటినీ చంపేది) వాడితే ఒప్పుకోను: అదే యంత్రం మీద ఇంకో చెక్ నడుస్తుంటే దాని ఎఫ్‌ఎస్‌స్ట్రెస్ కూడా పోతుంది. పీఐడీ (ప్రాసెస్ నంబరు) దాచుకుని దాన్నే చంపాలి. డీఎమ్-ఫ్లేకీ వాడితే _క్లీనప్_ఫ్లేకీ ఉందా చూడాలి, లేకపోతే స్క్రాచ్ డివైసు డివైస్ మ్యాపర్ చేతిలో ఇరుక్కుని రీబూట్ దాకా ఎవరికీ దొరకదు. పరీక్షించడం తేలిక: టెస్టు మధ్యలో కంట్రోల్-సీ కొట్టి, డీఎమ్‌సెటప్ ఎల్‌ఎస్, లోసెటప్ -ఏ, మౌంట్ మూడూ చూడడమే. ఏదైనా మిగిలిందా, వెనక్కి పంపడమే.

టెస్ట్_డెవ్ (స్క్రాచ్ కాక ఉండే ఇంకో డిస్కు) వాడే స్క్రిప్టులను కనీసం రెండుసార్లు వరసగా నడపాలి. స్క్రాచ్‌లా దాన్ని ప్రతిసారీ ఫార్మాట్ చేయరు, కావాలనే అలా పాతబడనిస్తారు. పోయినసారి మిగిలిన ఫైలు ఈసారి "ఫైల్ ఎగ్జిస్ట్స్" అని అడ్డొస్తుంది. చెక్‌కి -ఐ 20 ఇస్తే ఇరవైసార్లు తిరుగుతుంది, పెద్ద ఐ ఇస్తే మొదటి ఫెయిల్ దగ్గర ఆగుతుంది. నేను వాడేది రెండోదే, ఆగిన చోట డివైసు ఎలా ఉందో అలాగే దొరుకుతుంది కాబట్టి.

ఆ ఇరవై సార్లలో సమయం కూడా తేలిపోతుంది. క్విక్ గ్రూపులో (త్వరగా అయ్యే టెస్టుల జాబితా) పెట్టాలంటే 30 సెకన్లలోపు అవ్వాలి. ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) మీద 8 సెకన్లు పట్టింది, తిరిగే డిస్కు మీద నిమిషంన్నర పడుతుందంటే అది క్విక్ కాదు. స్లీప్ కనిపిస్తే ఎందుకని అడుగుతాను. "డేటా డిస్కుకి చేరేదాకా ఆగుతోంది" అంటే ఎఫ్‌సింక్ పెట్టుకోమంటాను. "బ్యాక్‌గ్రౌండ్ పని మొదలయ్యేదాకా" అంటే ఆ పని చేసిన గుర్తు ఏదైనా కనిపించేదాకా లూప్‌లో చూడమంటాను. నిజంగా సమయమే గడవాల్సిన సందర్భాలు, ఉదాహరణకి టైమ్‌స్టాంప్ మారడం, చాలా తక్కువ.

ఆఖర్న చిల్లర పనులు. _ఫిక్స్‌డ్_బై_కెర్నల్_కమిట్ లైనులో కమిట్ ఐడీ, సబ్జెక్టు రెండూ ఉండాలి. ఫెయిలైనప్పుడు "నీ కెర్నల్‌లో ఈ ఫిక్స్ లేదేమో" అని సూచన వస్తుంది. ఫిక్స్ ఇంకా మెర్జ్ కాకపోతే ఐడీ చోట 12 ఎక్స్‌లు పెట్టడం ఆనవాయితీ, తర్వాత మర్చిపోకుండా మార్చాలి. జెనరిక్ టెస్టులో ఈ లైను ఎఫ్‌ఎస్‌టైప్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితేనే అన్న షరతుతో ఉండాలి, లేకపోతే ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద ఫెయిలైనవాళ్ళకి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫిక్స్ వెతుక్కోమని చెప్పినట్టవుతుంది. ఇంతా చూసి రివ్యూడ్-బై (నేను చూసి ఒప్పుకున్నాను అన్న సంతకం) ఇచ్చేటప్పుడు, ఏ కెర్నల్ మీద ఏం రివర్ట్ చేసి నడిపానో, పదిలో ఎన్నిసార్లు ఫెయిలైందో ఒక లైను రాస్తాను.

టెస్టు నంబరు గురించి మాత్రం పట్టించుకోను. మెర్జ్ చేసేటప్పుడు మెయింటెయినర్ ఎలాగూ మారుస్తారు. చేత్తో మార్చేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: గోల్డెన్ ఫైలు మొదటి లైనులో "క్యూఏ అవుట్‌పుట్ క్రియేటెడ్ బై" అన్న మాటల తర్వాత కూడా పాత నంబరు ఉంటుంది. ఫైళ్ళ పేర్లు మార్చి ఇది వదిలేస్తే టెస్టు ప్రతిచోటా ఫెయిలవుతుంది. టూల్స్ డైరెక్టరీలోని ఎమ్‌వీటెస్ట్ స్క్రిప్టు వాడితే రెండూ అదే చూసుకుంటుంది.